తిరిగొచ్చిన వీరుడికి ఒక మైదానం

పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



కార్తీక అమావాస్య నాడు కారంపూడిలో వీరుల ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజులు, అయిదు పేర్లతో సాగుతుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో నాగులేటి ఒడ్డున పోయిన ప్రాణాలకు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఈ నేల ఏటేటా లెక్క అప్పజెబుతూనే ఉంది. ఆచారవంతులు ఎక్కడెక్కడి నుంచో తమ వంశాల వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని వస్తారు. పోయినవాళ్లను గుర్తుపెట్టుకోవడం పల్నాడుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఆ యుద్ధ కథలో ఒక వెలితి ఉంది. బాలచంద్రుడు భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకుని వెళ్లాడు, మళ్లీ గడప తొక్కలేదు. బ్రహ్మనాయుడు మిగిలాడంటారు, అయితే ఆయనా ఇంటికి రాలేదు, గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడు. యుద్ధం చూసి, బతికి, ఇల్లు చేరి, పెళ్లాం బిడ్డల మధ్య ఇంకో నలభై ఏళ్లు గడపాల్సిన మనిషి ఎలా ఉంటాడో, ఊరు అతనికి ఏం చేయాలో మన వీరగాథ చెప్పలేదు. ఆ చెప్పని భాగం గురించే ఈ ఉత్తరం.

యుద్ధం అనగానే మనకు పోయినవాళ్ల సంఖ్య గుర్తుంటుంది. 1999 వేసవిలో కార్గిల్ కొండల మీద మన సైన్యం 527 మందిని పోగొట్టుకుంది. ఏటా జులై 26న ఈ అంకె పేపర్లలో వస్తుంది. అదే యుద్ధంలో గాయపడి బతికినవాళ్లు 1,363 మంది. ఈ రెండో అంకె ఎవరి నోటా వినపడదు. ఒంటి మీద గీత పడకుండా దిగివచ్చినవాళ్లు వీళ్లకు ఎన్నో రెట్లు. అప్పుడు ఇరవై రెండేళ్ల సిపాయి ఇప్పుడు యాభైకి దగ్గరపడ్డాడు. శాంతి సేనతో శ్రీలంక అడవుల్లో 1987, 1990 మధ్య తిరిగినవాడికి అరవై నడుస్తోంది. 1971లో తూర్పు సరిహద్దు దాటినవాడు డెబ్బై దాటేశాడు. ఆ యుద్ధంలో మహావీర చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారు తిరుపతిలో ఉంటున్నారని మనలో చాలామందికి తెలిసింది 2021 ఫిబ్రవరిలో, స్వర్ణ విజయ జ్యోతి ఆయన ఇంటికి వెళ్లాక. అప్పటికి యుద్ధం అయి యాభై ఏళ్లు. అంత పెద్ద పతకం ఉన్నాయన గడప తొక్కడానికే మనకు అన్నేళ్లు పడితే, ఏ పతకమూ లేని గురజాల హవల్దారు సంగతి, మాచర్ల నాయక్ సంగతి వేరే చెప్పాలా?

2022కు ముందు సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్లకు పెన్షన్ కాగితాలతో బయటికొస్తాడు. హవల్దారైతే ఇంకొన్నేళ్లు. దేశం మొత్తం మీద ఏటా సుమారు 60 వేల మంది ఇలా బయటికొస్తున్నారు, వాళ్లలో ఎక్కువమందికి నలభై అటూ ఇటూ. ఆ పదిహేడేళ్లలో ఇల్లు అతను లేకుండా నడవడం నేర్చుకుంది. మిరప తోటకు మందు కొట్టించింది, పత్తి కాటా వేయించింది, బ్యాంకులో పంట రుణం తిరగరాయించింది భార్యే. పిల్లలకు తండ్రంటే ఏడాదికి రెండు నెలల సెలవు, నల్ల ట్రంకుపెట్టె, క్యాంటీన్ సామాన్లు. ఆ ఇంటికి అతను ఒకరోజు మకాం ఎత్తేసి వచ్చేస్తాడు. అతను తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాడు, ఇల్లు ఆరున్నరకు లేస్తుంది. దుప్పటి నాలుగు మూలలూ కలిపి గీత గీసినట్టు మడతపెడతాడు, పిల్లలు చూసి నవ్వుకుంటారు. ఇల్లు అతనిదే, ఇంట్లో అతని పని మాత్రం ఏమిటో ఎవరికీ తెలియదు. బయట దొరికే పని మళ్లీ గేటు దగ్గరే: బ్యాంకు తలుపు పక్కన స్టూలు, డబుల్ బ్యారెల్ తుపాకీ, పాసుబుక్కు ఎక్కడ ప్రింటు చేస్తారని అడిగినవాళ్లకు చెయ్యి చూపించడం. కష్టపడి చేసే ఏ పనీ తక్కువది కాదు. అయితే ముప్పై మంది కుర్రాళ్లను చలిలో పరిగెత్తించి, ఒకళ్ల ప్రాణం ఒకళ్లు కాచుకునేలా తీర్చిదిద్దిన మనిషి విద్య ఆ స్టూలు మీద కూర్చుని వృథా అవుతోంది.

ఆ విద్య ఏమిటో పేరు పెట్టి చెబుతాను: ఆట. బయట మనకు ఆట తీరుబడి, సైన్యంలో అది దినచర్య. పొద్దున పీటీ, సాయంత్రం గేమ్స్ పరేడ్. వాలీబాల్, కబడ్డీ, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, క్రాస్ కంట్రీ పరుగు ఏళ్ల తరబడి రోజూ నడుస్తాయి, కంపెనీల మధ్య, యూనిట్ల మధ్య పోటీలు జరుగుతాయి. కాబట్టి రిటైరై వచ్చే ప్రతివాడూ ఎంతో కొంత ఆటగాడే. ఇప్పుడు మీ టేబుల్ దగ్గరికి వద్దాం. మీ దగ్గర రెండు ఫైళ్లు వేర్వేరు కట్టల్లో ఉంటాయి. ఒకటి జిల్లా సైనిక బోర్డుది. దానికి అధ్యక్షులు మీరే. రెండోది జిల్లా క్రీడా ప్రాధికార సంస్థది. దానికీ ఛైర్మన్ మీరే. మొదటి ఫైల్లో పని కోసం చూసే మనుషులున్నారు, రెండో ఫైల్లో మనుషుల కోసం చూసే మైదానాలున్నాయి. ఈ రెండు కట్టల దారాలు విప్పి ఒకే కట్టగా కట్టమని అడగడమే ఈ లేఖ సారాంశం. మన జిల్లాలోని 28 మండలాల్లో ఒక్కో మైదానాన్ని యుద్ధం చూసి వచ్చిన, లేదా సైన్యంలో పూర్తికాలం చేసి వచ్చిన ఒక్కొక్కరి చేతికి అప్పగించండి.

ఇది జాలితో అడుగుతున్న మాట కాదు, ఇందుకు రుజువులున్నాయి. మొదటిది, యుద్ధం చేసిన గాయానికి ఆట మందు అని ప్రపంచం ఎప్పుడో తేల్చుకుంది. నాజీల జర్మనీ నుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల వార్డు తెరిచాడు. అలాంటివాళ్లు మంచం పట్టి కొన్నాళ్లకు పోవడమేనని వైద్యులే చేతులెత్తేసిన కాలం అది. ఆయన వాళ్ల చేతికి విల్లు ఇచ్చాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, 16 మంది గాయపడ్డ సైనిక స్త్రీపురుషులు చక్రాల కుర్చీల్లో కూర్చుని బాణాలు వేశారు. పన్నెండేళ్లు తిరిగేసరికి అదే రోమ్‌లో పారాలింపిక్స్ అయింది. మన దగ్గర మురళీకాంత్ పేట్కర్ ఉన్నాడు. సైన్యంలో యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ దళంలో జవాను, బాక్సరు. 1965 యుద్ధంలో ఒంట్లో తూటాలు దిగి, వెన్ను దెబ్బతిని, కాళ్లు చచ్చుబడ్డాయి. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈత 37.33 సెకన్లలో ముగించి స్వర్ణం తెచ్చాడు. మనకు ఆయన్ను గుర్తించి పద్మశ్రీ ఇవ్వడానికి 2018 దాకా తీరలేదు. నాగాలాండ్ సైనికుడు హొకాతో సెమా 2002లో కశ్మీరులో మందుపాతర మీద కాలు పోగొట్టుకున్నాడు, ముప్పై దాటాక పుణెలో గుండు విసరడం మొదలుపెట్టాడు, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 14.65 మీటర్లు విసిరి కాంస్యం తెచ్చాడు. వీళ్లకు ఆట తిరిగి ఇచ్చింది పతకాన్నే అనుకుంటే పొరపాటు. పొద్దున లేవడానికి ఒక కారణాన్ని ఇచ్చింది.

రెండో రుజువు ఇంకా దగ్గరిది: సైన్యం నుంచి వచ్చినవాడు ఊరి పిల్లలకు గురువైతే ఏమవుతుందో మన దేశం చూసింది. కోళికోడ్ జిల్లాకు చెందిన ఓ.ఎం. నంబియార్ పదిహేనేళ్లు ఎయిర్‌ఫోర్సులో చేసి బయటికొచ్చాడు. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ కోర్సు చదివాడు. కణ్ణూర్ స్పోర్ట్స్ స్కూల్లో ఒక బక్కపలచని పిల్లను చూసి, ఆమెను ఏళ్ల తరబడి పరిగెత్తించాడు. ఆ పిల్ల పి.టి. ఉష. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఆమె సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నప్పుడు దేశమంతా ఆ నూరో వంతు గురించి మాట్లాడింది. అక్కడి దాకా తీసుకెళ్లినవాడు ఒక రిటైర్డు సార్జెంటన్న సంగతి తర్వాత తెలిసింది. 1985లో ద్రోణాచార్య అవార్డు తొలిసారి ముగ్గురికి ఇస్తే, నంబియార్ ఒకడు, బాక్సింగ్ గురువు ఓ.పి. భరద్వాజ్ ఇంకొకడు. ఆయనా సైన్యం నుంచి వచ్చినవాడే. ధ్యాన్‌చంద్ ముప్పై ఏళ్లకు పైగా సైన్యంలో చేసి 1956లో రిటైరయ్యాక పాటియాలాలో హాకీ నేర్పాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం క్రీడా దినోత్సవం చేస్తున్నాం. మిల్ఖాసింగ్ దేశ విభజనలో ఇల్లూ వాకిలీ అమ్మానాన్నా పోగొట్టుకుని వచ్చిన అనాథ. అతను ఎంత వేగంగా పరిగెత్తగలడో అతనికే తెలిసింది మన సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్లో, కొత్త రిక్రూట్లకు పెట్టిన క్రాస్ కంట్రీలో ఆరో వాడిగా వచ్చినప్పుడు. ఆ పోటీ పెట్టినవాళ్లకు పేర్లు లేవు, పతకాలు లేవు. విజిల్ ఊది, గడియారం చూసి, వీడిలో ఏదో ఉందని కనిపెట్టారు. మండలానికి ఒకరుగా మనకు కావలసింది ఆ చూపున్న మనిషి.

ఈ పని మిగతా జిల్లాలకంటే పల్నాడుకు ఎక్కువ అవసరం అనడానికి కారణం మన కథలోనే ఉంది. పల్నాటి యుద్ధానికి నాంది కోడిపందెం. బరిలో పుంజు ఓడిపోతే ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోయారు, గడువు తీరాక వచ్చి అడిగితే దక్కలేదు, కథ కారంపూడికి చేరింది. బాలచంద్రుడి కథా ఆటలోనే మలుపు తిరిగింది: ఆడుతున్న బొంగరం ఒక ఇల్లాలికి తగిలింది, ఆమె దెప్పిన మాట అతనికి రణరంగాన్ని గుర్తుచేసింది. ఆటను యుద్ధం చేసుకోవడం ఈ నేలకు పాత జబ్బు. 2024 మే నెలలో ఎన్నికల పోలింగు ముగిశాక చెలరేగిన గొడవల వల్ల ఇక్కడ 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చినప్పుడు దేశమంతా మన పేరు చదివింది. పందెం లేకుండా, వర్గం లేకుండా ఓడిపోవడం ఎలాగో నేర్పే చోటు మన కుర్రాళ్లకు లేదు. యుద్ధం అసలు రంగు చూసినవాడికి ఆటకూ యుద్ధానికీ తేడా బాగా తెలుసు. ఓడిపోయినా సాయంత్రం అందరూ ఒకే లంగరులో కూర్చుని తినే పద్ధతిలో పెరిగినవాడు అతను. బ్రహ్మనాయుడి చాపకూడు మనం పుస్తకంలో చదువుకున్నాం, అతను ఏళ్లపాటు తిని వచ్చాడు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, తీసిపారేయదగ్గవి కావు. మొదటిది: తుపాకీ పట్టినంత మాత్రాన కోచ్ అవుతాడా? అవడు. బాగా ఆడేవాడు బాగా నేర్పలేకపోవచ్చు, జవాన్లను తిట్టినట్టు పదేళ్ల పిల్లను తిడితే ఆ పిల్ల మర్నాడు మైదానానికి రాదు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, ఆ గీత మైదానంలోనూ చెల్లాలి. అందుకే నంబియార్ ఉదాహరణలో నేను ఎయిర్‌ఫోర్సు ఎంత ముఖ్యమో పాటియాలా కోర్సూ అంతే ముఖ్యం అంటాను. పాటియాలా సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. ఎంపికైనవాళ్లను దానికి పంపండి, ప్రథమ చికిత్స నేర్పించండి, పిల్లలతో పనిచేసే ఎవరికైనా చేయించే పోలీసు విచారణ వీళ్లకూ చేయించండి. ఆడపిల్లలు ఆడే వేళల్లో ఒక స్త్రీ తప్పకుండా మైదానంలో ఉండాలని నిబంధన పెట్టండి. దానికి వెతుక్కోనక్కర్లేదు. పదిహేడేళ్లు ఒంటిచేత్తో ఇల్లు, పొలం, పిల్లలను నడిపిన సైనికుడి భార్య హాజరు పట్టీ, జమాఖర్చు మనకంటే బాగా రాస్తుంది. ఇంట్లో చోటు వెతుక్కుంటున్న భర్తకూ, ఏళ్ల తరబడి ఒంటరిగా మోసిన భార్యకూ ఒక ఉమ్మడి పని దొరుకుతుంది. సైనికుల సంక్షేమం గురించి మాట్లాడేటప్పుడు మనం కుటుంబాన్ని పెన్షన్ నామినీ గడిలో మాత్రమే చూస్తాం. దాన్ని మైదానం గట్టు మీద కూడా చూడాలి.

రెండో అభ్యంతరం రాజకీయం. పల్నాడులో గ్రంథాలయం కమిటీ వేసినా వర్గాలు చూస్తారు, మైదానాన్ని వదులుతారా? వదలరు. తిరిగొచ్చిన సైనికుల్లోనూ ఏదో ఒక జెండా కిందికి చేరేవాళ్లుంటారు, వాళ్లను దేవతలను చేసి చూపడం నా ఉద్దేశం కాదు. అయినా ఊరి పగలు రాజుకున్న ఏళ్లలో ఊళ్లో లేనివాడు అతనొక్కడే. ఎవరి కేసులోనూ సాక్షి కాదు, ఎవరి గొడవలోనూ వాటాదారు కాదు. ఆ దూరాన్ని కాపాడే నిబంధన మీ చేతిలో ఉంది: పార్టీ పదవి తీసుకున్న రోజు మైదానం తాళంచెవి తిరిగి ఇచ్చేయాలి, నియామకం సొంత గ్రామంలో కాకుండా పక్క మండలంలో జరగాలి. దీంతో ముడిపడ్డ ఇంకో అనుమానం కూడా ఉంది: పిల్లలను చిన్నప్పటి నుంచే సైనిక భావాల్లోకి దించడం కాదా ఇది? యూనిఫాం, నినాదాలు, కవాతులు పెడితే నిజంగానే అవుతుంది. అవి వద్దు. ఆట నియమాలు, వేళకు రావడం, ఓటమి ఒప్పుకోవడం చాలు. యుద్ధాన్ని గొప్పగా వర్ణించేవాళ్లలో ఎక్కువమంది యుద్ధం చూడనివాళ్లే, చూసినవాళ్లు దాని గురించి తక్కువ మాట్లాడతారు.

మూడోది డబ్బు. పెన్షన్ వస్తోంది కదా, మళ్లీ గౌరవ వేతనం ఎందుకు అనేవాళ్లున్నారు. పెన్షన్ చేసిపోయిన పనికి వస్తుంది, చేయబోయే పనికి రాదు. ఇక నిధి ఎక్కడిదంటే, కేంద్రం ఖేలో ఇండియా కింద మాజీ క్రీడాకారుల చేత చిన్న కేంద్రాలు నడిపించే పద్ధతి 2020లోనే పెట్టింది. ఆ నమూనా మన ముందుంది, రెజిమెంటు జట్లకు ఆడిన మాజీ సైనికులను అందులో చేర్చమని మీరు రాయవచ్చు. రెండో దారి మన సున్నపురాయి మీదే ఉంది. సిమెంటు కంపెనీలున్న జిల్లా మనది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీల లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టమంది. దేనికి పెట్టవచ్చో ఏడో షెడ్యూల్లో చెప్పింది. ఆ పట్టికలో ఆరో అంశం మాజీ సైనికులు, యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్న స్త్రీల సంక్షేమం. దాని కిందే ఏడో అంశం గ్రామీణ క్రీడల శిక్షణ. మీ టేబుల్ మీద వేర్వేరుగా ఉన్న రెండు ఫైళ్లు ఆ చట్టంలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మైదానాలకు కొత్తగా స్థలం సేకరించే పని లేదు, జడ్పీ హైస్కూళ్ల ఆవరణలు పొద్దునా సాయంత్రం ఖాళీగానే ఉంటాయి. ఎండకు పేరుపడ్డ రెంటచింతలలో తెల్లవారుజామున అయిదున్నరకు ఆడిస్తేనే ఆట సాగుతుంది. ఆ వేళకు జీతం తీసుకుని లేచేవాళ్లు తక్కువ, అలవాటుగా లేచేవాళ్లు ఈ మనుషులే.

పోటీలు పెడుతున్నాం కదా అనవచ్చు. 2023 డిసెంబరులో మొదలైన ఆడుదాం ఆంధ్రా పోటీ గ్రామ సచివాలయం స్థాయి దాకా వెళ్లింది, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్, క్రికెట్ ఆడించింది. ఏ ప్రభుత్వం పెట్టినా టోర్నమెంటు కోతలాంటిది. దుక్కీ విత్తూ లేకుండా కోతకు వెళ్తే ఉన్నదే కోసుకొస్తాం. మిగిలిన పది నెలలు పిల్లలను మైదానంలో నిలిపి ఉంచేవాడు కావాలి. ఆర్మీ ర్యాలీకి వెళ్లే కుర్రాళ్లు ఇప్పుడు 1600 మీటర్ల పరుగు, పది పుల్-అప్స్ కోసం రోడ్డు అంచుల్లో, కాలువ కట్టల మీద తమంతట తాము తంటాలు పడుతున్నారు, లేకపోతే అకాడమీలకు అప్పు చేసి కడుతున్నారు. ఆ పరుగు పరిగెత్తి నెగ్గినవాడు పక్క వీధిలోనే ఉన్నాడు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరినవాళ్లలో నాలుగేళ్ల తర్వాత నిలిచేది 25 శాతమే. నలుగురిలో మిగతా ముగ్గురు ఇరవైల వయసులోనే ఇంటికి వస్తారు. తొలి బ్యాచి గడువు 2026 చివరి నుంచి తీరడం మొదలవుతుంది. వాళ్ల కోసం ఇప్పుడే ఒక దారి వేయకపోతే, ఒంట్లో బలం, చేతిలో ఖాళీ ఉన్న కుర్రాళ్లను పల్నాడులో ఎవరు పిలుస్తారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అందరు మాజీ సైనికులూ మైదానానికి రావాలని నేననను. కొందరికి పొలం చాలు, కొందరికి మనవళ్లు చాలు, కొందరు చూసింది మరిచిపోవడానికి నిశ్శబ్దంగా ఉండాలనుకుంటారు. అది వాళ్ల హక్కు. రావాలనుకునేవాడికి తలుపు తెరిచి ఉండాలన్నదే నా మాట. అందుకు మీరు చేయవలసిన మొదటి పని పెద్దదేమీ కాదు. సైనిక సంక్షేమ జాబితాలో పేరు, ర్యాంకు, పెన్షన్ నంబరు పక్కన ఇంకొక్క గడి గీయించండి: ఏ ఆట ఆడారు, ఏ స్థాయిలో ఆడారు, నేర్పడానికి ఇష్టమేనా. మూడు నెలల్లో మీ చేతికి వచ్చే ఆ కాగితమే మన జిల్లా క్రీడా సంపద.

ఏటా జనవరి 14న దేశం మాజీ సైనికుల దినం జరుపుకుంటుంది. 1953లో ఆ రోజున జనరల్ కరియప్ప రిటైరయ్యారు. మనకు ఆ తేదీ భోగికో సంక్రాంతికో తగులుతుంది, ఊరూరా కబడ్డీ, వాలీబాల్, ఎడ్ల బండలాగుడు నడిచే రోజులు అవి. ఆ రోజు పెద్దాయన్ను వేదిక మీదకు పిలిచి, శాలువా కప్పి, బొకే ఇచ్చి, ఫొటో తీసి పంపించేస్తాం. ఈసారి మీ కార్యాలయం నుంచి వెళ్లే ఆహ్వానంలో సన్మానం అన్న మాట కొట్టేయించి, దాని చోట ఇలా రాయించండి: ఉదయం అయిదున్నరకు మైదానంలో హాజరు కావలెను. ఆ భాష వాళ్లకు బాగా తెలుసు. అయిదుంబావుకే వచ్చి నిలబడి ఉంటారు.

ఇట్లు,
మీ జిల్లా పౌరుడు